కంటి వెనుక గది – సి.టి. స్కాన్ చూపించేది, చూపించనిది



మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు సైన్సు పాఠం ఒకటి రాయమన్నారు. నేను ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను. ఇంటర్ బై.పి.సి. తర్వాత పారామెడికల్ కోర్సు చేసి, ప్రస్తుతం విశాఖపట్నంలో స్కాన్ గదిలో పనిచేస్తున్నాను. కనుక నాకు తెలిసిన పనిలో నుంచే ఒక పాఠం చెబుతాను.

మీ పుస్తకంలో కంటి బొమ్మ ఉంటుంది కదా. కనుగుడ్డును నిలువుగా కోసినట్లు గీసి, కార్నియా, తారక, కటకం, రెటీనా, దృక్‌నాడి అని బాణం గుర్తులు పెడతారు. ఆ బొమ్మ వేసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకుంటాం. అయితే ఆ బొమ్మలో కనుగుడ్డు గాలిలో వేలాడుతున్నట్లు ఉంటుంది. దాని చుట్టూ ఏముందో, వెనుక ఏముందో బొమ్మ చెప్పదు. నా ఉద్యోగంలో నాకు రోజూ కావలసింది ఆ చెప్పని భాగమే.

కంటి డాక్టరు గారు చేతి దీపంతో, సూక్ష్మదర్శిని లాంటి పరికరంతో కంటి ముందు భాగాన్ని చూస్తారు. కంటిపాప గుండా వెలుగు పంపి లోపలి రెటీనాను కూడా చూస్తారు. శరీరంలో కోత లేకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగిన చోటు అది. కానీ రెటీనాతో ఆ చూపు ఆగిపోతుంది. దాని వెనుక ఉన్నది గోడ అవతలి గది. ఆ గదిలో జబ్బు పడినప్పుడు సి.టి. స్కాన్ అవసరం వస్తుంది.

కంటి గూడు

కపాలంలో కన్ను కూర్చున్న గుంటను కంటి గూడు అంటారు. ఇది గరాటు ఆకారంలో ఉంటుంది. ముందు వెడల్పు, వెనక్కి పోయే కొద్దీ ఇరుకు. ఏడు ఎముకలు కలిసి ఈ గూడు ఏర్పడింది. ఇందులో పట్టే చోటు మొత్తం సుమారు 30 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా మూత 10 మిల్లీలీటర్లది అనుకుంటే మూడు మూతలన్నమాట. అందులో కనుగుడ్డు ఆక్రమించేది 7 మిల్లీలీటర్ల దరిదాపు. మిగిలిన చోటులో కంటిని తిప్పే ఆరు కండరాలు, రెప్పను ఎత్తే కండరం, దృక్‌నాడి, రక్తనాళాలు, కన్నీటి గ్రంథి ఉంటాయి. వీటి సందుల్లో అంతా మెత్తటి కొవ్వు నిండి ఉంటుంది. బొప్పాయి పళ్ళు సంతకు తెచ్చేటప్పుడు గంపలో గడ్డి సర్దుతారు చూడండి, అలాగ.

ఈ గూడు గోడలు అన్నీ ఒకే మందంలో ఉండవు. బయటి వైపు గోడ గట్టిది. ముక్కు వైపు గోడ మాత్రం కాగితం లాంటిది, అర మిల్లీమీటరు కూడా ఉండదు. శాస్త్రవేత్తలు లాటిన్‌లో దానికి పెట్టిన పేరుకు అర్థం కూడా కాగితపు పలక అనే. దాని అవతల ముక్కు పక్క గాలి గదులున్నాయి, వాటిని సైనస్‌లు అంటాం. గూడు నేల కింద దవడ సైనస్. గూడు పైకప్పు మీద మెదడు. అంటే కన్ను ముగ్గురు పొరుగువాళ్ళ మధ్య కాపురం ఉంటోంది. ఒక ఇంట్లో నిప్పు అంటుకుంటే పక్క ఇంటికి పాకడానికి కాగితం గోడ ఏం అడ్డు?

నాలుగు వైపులా ఎముకే కాబట్టి లోపల ఏది పెరిగినా, వాచినా, రక్తం గూడుకట్టినా కన్ను ముందుకే రావాలి. అందుకే గూడులోని జబ్బులకు పెద్ద గుర్తు కన్ను ముందుకు పొడుచుకు రావడం. ఇక్కడ ఒక సంగతి బాగా తెలుసుకోవాలి. కనుగుడ్డు వెనుక నుంచి గూడు చివరి వరకు దూరం సుమారు 18 మిల్లీమీటర్లు. ఆ దూరంలో ఉన్న దృక్‌నాడి పొడవు మాత్రం 25 మిల్లీమీటర్లకు తక్కువ కాదు. అది కొంచెం వదులుగా, వంకరగా ఉంటుంది. కన్ను అటూ ఇటూ తిరిగినప్పుడు నాడి బిగుసుకోకుండా ఈ ఏర్పాటు. దీని వల్ల కన్ను కొంత ముందుకు వచ్చినా చాలా రోజులు చూపు తగ్గకపోవచ్చు. "చూపు బాగానే ఉంది కదా" అని ఇంట్లో ఊరుకోవడం ఇక్కడే మొదలవుతుంది. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చే వారిలో ఎక్కువ మంది చెప్పే మాట ఇదే.

స్కాన్ ఎలా చూస్తుంది?

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనదే. ఎక్స్-రే ఫిల్ము ఒక నీడ బొమ్మ. పది ఆకులను ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకు ఎదురుగా పట్టుకుంటే అన్ని ఈనెలూ కలిసిపోయి కనిపిస్తాయి. తల ఎక్స్-రేలో కూడా ముందు ఎముక, వెనుక ఎముక ఒకదాని మీద ఒకటి పడతాయి. మధ్యలో ఉన్న మెత్తటి కండరం, నాడి కనిపించవు. ఒక్కొక్క ఆకునూ విడదీసి చూపించేదే సి.టి. స్కాన్. కంప్యూటెడ్ టోమోగ్రఫీ అని దాని పూర్తి పేరు. టోమో అంటే గ్రీకు భాషలో ముక్క, కోత.

కోయకుండా కోత ఎలా చూపిస్తుంది? ఒక చిన్న లెక్క చేద్దాం. నాలుగు గదులున్న ఒక పెట్టె ఉంది. పై వరుసలో రెండు గదులు, కింది వరుసలో రెండు. ప్రతి గదిలో కొన్ని కాఫీ పండ్లు ఉన్నాయి. మూత తీయకూడదు. పై వరుస మొత్తం 7, కింది వరుస మొత్తం 11 అని చెప్పారు. ఎడమ నిలువు వరుస 8, కుడి నిలువు వరుస 10 అని చెప్పారు. ఏ గదిలో ఎన్నో చెప్పగలరా? ప్రయత్నించండి. ఒకటి కంటే ఎక్కువ జవాబులు వస్తాయి. ఇప్పుడు ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు ఏటవాలుగా ఉన్న రెండు గదుల మొత్తం 9 అని చెబితే? అప్పుడు ఒకే జవాబు మిగులుతుంది: పైన 3, 4, కింద 5, 6. మరొక కోణం నుంచి చూడటం వల్ల తాళం ఊడింది.

సి.టి. యంత్రం చేసేది ఈ లెక్కే. పెద్ద గారె ఆకారంలో ఉండే యంత్రంలో ఎక్స్-రే గొట్టం తల చుట్టూ తిరుగుతుంది. ఎదురుగా ఉన్న గ్రాహకాలు ఒక్కొక్క కోణం నుంచి ఎంత కిరణం అవతలికి వచ్చిందో కొలుస్తాయి. నాలుగు గదులకు బదులు లక్షల గదులు, అయిదు కొలతలకు బదులు లక్షల కొలతలు. అంత లెక్క మనిషి చేయలేడు కనుక కంప్యూటరు చేస్తుంది.

ఈ యంత్రం తయారు చేసినవాడు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్. ఇంగ్లండులో పొలం మీద పెరిగిన రైతు బిడ్డ. వ్యవసాయ యంత్రాలను విప్పి చూడటమే అతని చిన్ననాటి ఆట. విశ్వవిద్యాలయ పట్టా లేదు. యుద్ధ కాలంలో వైమానిక దళంలో రాడార్ పని నేర్చుకొని, తర్వాత ఇంజనీరింగ్ డిప్లమో చేసి, ఇ.ఎం.ఐ. కంపెనీలో చేరాడు. మన పెద్దలు కుక్క బొమ్మ రికార్డులుగా ఎరిగిన హెచ్.ఎం.వి. పాటల రికార్డుల వెనుక ఉన్నది ఆ కంపెనీయే. ప్రయోగశాలలో అతని మొదటి యంత్రానికి ఒక బొమ్మ కోసం కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు పట్టింది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మార్లే ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగిని స్కాన్ చేశారు. దక్షిణాఫ్రికాలో పుట్టిన అలన్ కార్మాక్ దీనికి కావలసిన గణితాన్ని 1963, 1964లలోనే ప్రచురించాడు. 1979లో ఇద్దరికీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇద్దరిలో ఎవరూ డాక్టరు కాకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

స్కాన్‌లో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలకు హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. నీటికి 0. గాలికి మైనస్ 1000. కొవ్వుకు మైనస్ 100 దరిదాపు. కండరానికి 40, 60 మధ్య. గట్టి ఎముకకు 1000, ఆ పైన. అంకె తక్కువైతే నలుపు, ఎక్కువైతే తెలుపు. ఇప్పుడు గంపలో గడ్డి సంగతి గుర్తు చేసుకోండి. గూడు నిండా ఉన్న కొవ్వు స్కాన్‌లో నల్లగా వస్తుంది. ఆ నలుపు మీద కండరాలు, నాడి బూడిద రంగులో, ఎముక గోడలు తెల్లగా, నల్లబల్ల మీద సుద్ద గీసినట్లు విడివిడిగా కనిపిస్తాయి. శరీరంలో చాలా చోట్ల రంగు మందు ఎక్కిస్తే గాని తేడా తెలియదు. కంటి గూడులో మాత్రం ప్రకృతే ఆ తేడా పెట్టింది. అందుకే సి.టి. ఇక్కడ ఇంత బాగా పనిచేస్తుంది.

మంచి స్కాన్‌లో ఒక మిల్లీమీటరు, ఇంకా తక్కువ మందం కోతలు తీస్తాం. అడ్డంగా కోసినట్లు ఒక వరుస, ముఖానికి ఎదురుగా నిలబడి కోసినట్లు మరో వరుస. ఈ రెండో వరుస లేకుండా గూడు నేల విరిగిందో లేదో చెప్పడం కష్టం. పడుకోబెట్టి తీసేది కొన్ని సెకన్లే. నొప్పి ఉండదు. తల, కళ్ళు కదపకూడదు, అంతే.

కొండ మీద గాయాలు

మన వైపు కంటి గూడు స్కాన్ అవసరమయ్యే కారణాల్లో గాయాలది పెద్ద చోటు. ఘాట్ రోడ్డు మీద మోటారు సైకిలు పడటం, ఎద్దు కొమ్ము తగలడం, ఉండేలు దెబ్బ, క్రికెట్ బంతి. ఎలుగుబంటి కూడా. ఇప్పపూల కాలంలో తెల్లవారకముందే పూలు ఏరడానికి వెళతాం, ఎలుగు కూడా అదే పూల కోసం వస్తుంది. అది మీద పడినప్పుడు పంజా తరచు ముఖానికే తగులుతుంది. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి దాడిలో ఒకరు చనిపోయి, పలువురు గాయపడిన వార్త మీరు వినే ఉంటారు. అటువంటి దెబ్బలో పైన చర్మం గీతలు కుట్టేస్తే సరిపోదు. లోపల ఏ ఎముక విరిగింది, కనుగుడ్డు చిట్లిందా, విరిగిన ముక్క దృక్‌నాడిని నొక్కుతోందా, పైకప్పు విరిగి మెదడుకు దెబ్బ ఉందా – ఈ ప్రశ్నలన్నిటికీ ఒక్క సి.టి. జవాబు చెబుతుంది.

పిల్లలకు వచ్చే ఒక రకం విరుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దవాళ్ళ ఎముక ఎండు పుల్లలా ఫట్టున విరుగుతుంది. పిల్లల ఎముక పచ్చి కొమ్మలా వంగి, మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. కంటికి బంతి తగిలినప్పుడు గూడు నేల ఒక్క క్షణం తలుపులా కిందికి తెరుచుకొని మూసుకుంటుంది. ఆ సందులో కంటి కింది కండరం ఇరుక్కుపోతుంది, తలుపు సందులో వేలు పడినట్లు. బయటికి చూస్తే కన్ను తెల్లగా, మామూలుగా ఉంటుంది. వాపు కూడా పెద్దగా ఉండదు. కానీ కుర్రవాడు పైకి చూడలేడు, చూడబోతే నొప్పి. ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. వాంతులు అవుతాయి, నాడి నెమ్మదిస్తుంది. వాంతులు చూసి తలకు దెబ్బ తగిలిందనో, తిన్నది పడలేదనో అనుకుంటారు. ఇరుక్కున్న కండరానికి రక్తం అందక అది చచ్చుబడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేసి విడిపించాలి. స్కాన్‌లో ఈ విరుపు ఒక్కోసారి సన్నటి గీతలా మాత్రమే ఉంటుంది. డాక్టరు గారు ముందే కన్ను పైకి తిప్పించి చూసి అనుమానం రాసి పంపితేనే మేమూ, రేడియాలజిస్టు గారూ ఆ చోట వెతుకుతాం. మీ హాస్టల్లో ఎవరికైనా కంటికి దెబ్బ తగిలితే తల కదపకుండా మీ వేలిని పైకి, కిందికి, పక్కలకు చూడమనండి. ఒక వైపు కన్ను తిరగకపోతే వార్డెన్ గారికి ఆ పూటే చెప్పండి.

ఇక లోపల గుచ్చుకున్న వస్తువులు. సుత్తితో ఉలి మీద కొట్టినప్పుడు, రాయి పగలగొట్టినప్పుడు ఇనుప రజను తూటాలా ఎగురుతుంది. నలుసు పడినట్లు ఉండి తగ్గిపోతుంది. నెలల తర్వాత చూపు పోతుంది, ఎందుకంటే లోపల మిగిలిన ఇనుము తుప్పు పట్టి రెటీనాను పాడుచేస్తుంది. ఆవగింజ కంటే చిన్న ఇనుప ముక్క కూడా సి.టి.లో తెల్లగా మెరుస్తుంది. ఇలాంటి అనుమానం ఉన్నవారికి ఎం.ఆర్.ఐ. తీయకూడదు. అది పెద్ద అయస్కాంతం. కంటిలోని ఇనుప ముక్క ఆ లాగుడుకు కదిలి ఉన్న చూపును కూడా తీసేస్తుంది.

కర్ర సంగతి వేరు. కట్టెలు కొట్టేటప్పుడు, వెదురు చీల్చేటప్పుడు, కాఫీ మొక్కల కొమ్మలు కత్తిరించేటప్పుడు పుల్ల గుచ్చుకుంటుంది. పైకి కనిపించే ముక్క లాగేస్తాం, గాయం మూడు రోజుల్లో మానిపోతుంది. లోపల విరిగిన ముక్క ఉండిపోతే వారాల తర్వాత చీము పడుతుంది. ఎండు కర్రలో గాలి ఎక్కువ. అందుచేత సి.టి.లో అది నల్లగా, అచ్చం గాలి బుడగలా కనిపిస్తుంది. గాయంలో గాలి చేరడం మామూలే కనుక దాన్ని గాలి అనుకొని వదిలేసే ప్రమాదం ఉంది. కొన్ని రోజులకు ఆ కర్ర నీరు పీల్చి చుట్టూ ఉన్న కొవ్వులో, కండరంలో కలిసిపోయినట్లు అవుతుంది, అప్పుడు ఇంకా కష్టం. గాలి బుడగ గుండ్రంగా ఉంటుంది, కర్ర ముక్కకు తిన్నటి అంచులుంటాయి. ఆ తేడా చూడాలంటే ముందు అనుమానం ఉండాలి. కాబట్టి రోగి నోటి మాట ఇక్కడ యంత్రం కంటే విలువైనది. "పుల్ల గుచ్చుకుంది, సగం ముక్కే బయటికి వచ్చింది" అని చెప్పాలి. ఆ వచ్చిన ముక్కను కాగితంలో చుట్టి తెస్తే ఇంకా మంచిది. భయపడి గాని, సిగ్గుపడి గాని దెబ్బ ఎలా తగిలిందో దాచవద్దు.

గుచ్చుకున్నది ఇంకా కంటిలోనే ఉంటే లాగకూడదు. కంటిని కడగకూడదు, ఒత్తకూడదు, ఆకు పసరు పోయకూడదు. శుభ్రమైన కాగితపు కప్పును కంటికి తగలకుండా పైన బోర్లించి, అంచులకు ప్లాస్టరు వేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

జలుబు, పురుగు, బూజు

కాగితం గోడ అవతలి సైనస్‌లో చీము పడితే కంటి గూడులోకి దిగుతుంది. పిల్లలకు జలుబు, జ్వరం వచ్చిన తర్వాత ఒక కన్ను రెప్ప ఎర్రగా వాచిందనుకోండి. రెప్ప ఎత్తి చూస్తే కన్ను బాగా తిరుగుతూ, చూపు బాగుంటే వాపు పైపైనే ఉందని ఆశ. కన్ను ముందుకు వచ్చి, తిప్పితే నొప్పి పుట్టి, చూపు మసకబారితే చీము గూడులోకి దిగిందని అర్థం. అప్పుడు రంగు మందు ఎక్కించి సి.టి. తీస్తారు. ఎముకకూ దాని పొరకూ మధ్య చీము గడ్డ కట్టిందో లేదో అందులో తెలుస్తుంది. మందులతో సరిపోతుందా, కోత అవసరమా అనేది దాని మీద ఆధారపడుతుంది. ఇది గంటల లెక్క జబ్బు. సంత రోజు వరకు ఆగి జీపులో వెళదాం అనుకునే జబ్బు కాదు.

2021లో కరోనా రెండో విడత తర్వాత బ్లాక్ ఫంగస్ అని విన్నారు కదా, అదీ ఈ దారినే వచ్చింది. షుగరు అదుపులో లేనివారికి, స్టెరాయిడ్ మందులు ఎక్కువ వాడినవారికి ముక్కులో మొదలైన బూజు సైనస్‌ల నుంచి కంటి గూడుకు, అక్కడి నుంచి మెదడుకు పాకింది. మన రాష్ట్రంలో ఆ సంవత్సరం మే నెలలో దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు. ఎముక ఎంత తిన్నదో సి.టి.లో, మెత్తటి భాగాల్లోకి ఎంత పాకిందో ఎం.ఆర్.ఐ.లో చూసేవారు.

ఇంకొకటి పురుగు తిత్తి. పంది మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు పేరు మీరు జీవశాస్త్రంలో చదివే ఉంటారు. దాని పిల్ల తిత్తి కంటి కండరంలో చేరవచ్చు. కన్ను ఎర్రబడటం, రెప్ప వాలడం, ఒక వైపు చూస్తే రెండుగా కనిపించడం దీని గుర్తులు. స్కాన్‌లో కండరంలో చిన్న గుండ్రటి తిత్తి, దాని లోపల తెల్లటి చుక్క కనిపిస్తాయి. ఆ చుక్క పురుగు తల. ఇంత స్పష్టంగా తన పేరు తానే చెప్పుకొనే జబ్బులు స్కాన్‌లో తక్కువ. చాలాసార్లు కంటికి చేసే అల్ట్రాసౌండ్ పరీక్షలో కూడా ఇది తెలుస్తుంది.

దీని గురించి ఒక అపోహ ఉంది. పంది మాంసం తినేవాళ్ళకే ఇది వస్తుందని వేలు చూపిస్తారు. సరిగా ఉడకని మాంసం తింటే పేగులో బద్దెపురుగు వస్తుంది, నిజమే. కానీ కంటికి, మెదడుకు చేరే తిత్తి వచ్చేది పురుగు గుడ్ల నుంచి. ఆ గుడ్లు మనిషి మలంలో ఉంటాయి. బహిర్భూమి నుంచి మడిలోకి, మడి నుంచి కొత్తిమీరకు, ముల్లంగికి, చేతులకు, నోటికి చేరతాయి. జన్మలో మాంసం ముట్టనివారికి కూడా ఈ తిత్తి వస్తుంది. నులిపురుగుల దినం నాడు బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రే దీనికీ వాడతారు గాని, మోతాదు వేరు, రోజులు వేరు, తోడుగా స్టెరాయిడ్ ఇవ్వాలి. తిత్తి కనుగుడ్డు లోపలే ఉంటే గాని, మెదడులో ఎక్కువ తిత్తులుంటే గాని ఆ మాత్ర వల్ల పురుగు చచ్చి వాపు వచ్చి ఉన్న చూపు, ప్రాణం కూడా ప్రమాదంలో పడవచ్చు. కనుక స్కాన్ చూడకుండా సొంతంగా మింగరాదు.

థైరాయిడ్ వల్ల రెండు కళ్ళూ పొడుచుకు వచ్చినప్పుడు స్కాన్‌లో కండరాల మధ్య భాగం ఉబ్బి, కంటికి అతుక్కున్న కొస మాత్రం సన్నగా ఉంటుంది. ఆ ఒక్క గుర్తుతో దీన్ని మిగతా వాపుల నుంచి వేరు చేస్తారు.

సి.టి. వద్దనే సందర్భం

పసిపిల్లల కంటిపాపలో తెల్లటి మెరుపు. రాత్రి దీపం వెలుగులోనో, సెల్‌ఫోన్ ఫోటోలోనో ఒక కన్ను పిల్లి కన్నులా మెరుస్తుంది. ఇది శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే రెటీనా కాన్సర్ కూడా కావచ్చు. 15,000 నుంచి 20,000 జననాల్లో ఒకరికి వస్తుంది. ఎక్కువగా అయిదేళ్ళ లోపే. ఈ గడ్డలో సుద్ద లాంటి కాల్షియం పేరుకుంటుంది. సి.టి.లో అది తెల్లటి రవ్వల్లా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. అందువల్ల చాలా ఏళ్ళు ఈ జబ్బుకు సి.టి.నే నమ్ముకున్నారు.

ఇప్పుడు పద్ధతి మారింది. ఈ పిల్లల్లో కొందరికి ఆర్.బి.1 అనే జన్యువు లోపం శరీరంలోని ప్రతి కణంలోనూ ఉంటుంది. అటువంటి పిల్లలకు ఎక్స్-కిరణాలు తగిలితే పెద్దయ్యాక ఇంకో కాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుందని భయం. కనుక కంటి లోపల పరీక్ష, అల్ట్రాసౌండ్‌తో జబ్బు గుర్తించి, దృక్‌నాడిలోకి పాకిందో లేదో ఎం.ఆర్.ఐ.లో చూస్తారు. ఒక పరికరం జబ్బును బాగా చూపిస్తుందన్నంత మాత్రాన దాన్ని వాడాలని లేదు. సి.టి. గదిలో పనిచేసేవాడిగా నేను ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను.

గూడు జబ్బుకు ఒకసారి స్కాన్ తీస్తే పడే కిరణాల మోతాదు మాత్రం పెద్దది కాదు. భూమి నుంచి, ఆకాశం నుంచి ఒక ఏడాదిలో అందరి మీదా సహజంగా పడే దానికి దరిదాపు, లేదా తక్కువ. అవసరమైనప్పుడు భయపడి మానుకోవద్దు. అవసరం లేనప్పుడు అడిగి తీయించుకోవద్దు. కళ్ళజోడు కోసం, శుక్లం కోసం, కళ్ళ కలకకు సి.టి. అక్కరలేదు. ఇంకో చిక్కు ఉంది. కంటి ఆసుపత్రుల్లో ఓ.సి.టి. అనే పరీక్ష రాస్తారు. పేరు ఒకేలా వినిపిస్తుంది గాని దానికీ దీనికీ సంబంధం లేదు. అది వెలుతురుతో రెటీనా పొరలను చూసేది. "సి.టి. అన్నారు బాబూ" అని ఆ చీటీ పట్టుకొని మా దగ్గరికి వచ్చి వరుసలో నిలబడినవారిని ఎంతమందిని వెనక్కి పంపామో లెక్కలేదు.

విశాఖ వెళ్ళేటప్పుడు

అరకు నుంచి విశాఖ రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. రోడ్డు లేని ఊళ్ళ నుంచి డోలీలో మోసుకొచ్చే దూరం దానికి అదనం. ఒకసారి దిగితే పని పూర్తి చేసుకొని రావాలి. ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి చీటీ తీసుకోండి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. విశాఖలో 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రిలో సి.టి., ఎం.ఆర్.ఐ. రెండూ ఉన్నాయి. కళ్ళకు ప్రత్యేకంగా ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 2006 నుంచి పనిచేస్తోంది. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన సంస్థకు అది శాఖ. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కార్డు, ఆధార్ తప్పక పట్టుకెళ్ళండి.

స్కాన్ గదిలో మమ్మల్ని అడగకుండానే మీరు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. దెబ్బ ఎప్పుడు, దేనితో తగిలింది. ఇంతకుముందు రంగు మందు పడక దద్దుర్లు, ఆయాసం వచ్చాయా. కిడ్నీ జబ్బు, షుగరు ఉన్నాయా. ఆడవారైతే గర్భం ఉందా. పోగులు, ముక్కుపుడక, జడ పిన్నులు ముందే తీసి అమ్మ చేతికివ్వండి, లోహం నుంచి వచ్చే తెల్లటి చారలు కంటి బొమ్మను పాడుచేస్తాయి. మా ఊరి వాళ్ళు చెవులకు, ముక్కుకు పెట్టుకొనేవి ఒక్కోసారి తీయడానికి పావుగంట పడుతుంది, పరవాలేదు, ఆగుతాం. తెలుగు సరిగా రాని నాయనమ్మ వస్తే కువి గాని, ఆదివాసీ ఒడియా గాని తెలిసిన పిల్లలెవరైనా తోడు రండి. "కదలవద్దు, గోడ మీది గుర్తు చూడు" అనే ఒక్క మాట ఆమె భాషలో చెబితే స్కాన్ రెండోసారి తీయవలసిన పని ఉండదు.

ఫిల్ము ఇచ్చాక దాన్ని మడవకండి, ఇంటి చూరులో పొగ తగిలే చోట దోపకండి. పాత ఫిల్ము, సి.డి., రిపోర్టు మూడూ ఒకే సంచిలో పెట్టి, తర్వాత ఎప్పుడు కంటి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళినా తీసుకెళ్ళండి. కొత్త ఫిల్ములో కనిపించిన గడ్డ ఆరు నెలల క్రితం కూడా అంతే ఉందా, పెరిగిందా అనేది పాత ఫిల్ము పక్కన పెడితేనే తెలుస్తుంది.